సంస్కృత వార్తల్లో మరిగే పులుసు

ఉండి ఊళ్ళో రాజ్యం గారి చేపల పులుసు తిన్నవాళ్ళు రెండు రకాలు. లొట్టలేసుకుంటూ తిని ఊరుకున్నవాళ్ళు ఒక రకం, ఎలా చేస్తారండీ అని అడిగి ఇరుక్కున్నవాళ్ళు రెండో రకం. అడిగితే ఆవిడ ఏదీ దాచుకునే మనిషి కాదు. గడగడా చెప్పేసేది.

"ఏవుందమ్మా, ఉల్లిముద్ద భక్తిరంజనిలో వేయించుకోవాలి. రెండో పాట సగానికొచ్చేసరికి నూనె తేలుద్ది. ప్రాంతీయ వార్తలు మొదలవ్వగానే చింతపండు పులుసు పొయ్యాలి. సంస్కృతంలో బాగా మరగనివ్వాలి. ఢిల్లీ వార్తల్లో ముక్కలెయ్యాలి. ముఖ్యాంశాలు మరోసారి అన్నాడంటే ఇక దింపెయ్యడమే."

అడిగినావిడ అలాగేనండీ అని తలూపి, ఇంటికెళ్ళి వంకాయ కూర వండుకునేది. పాపం, ఇంకేం చేస్తుంది!

ఇందులో రాజ్యం తప్పేమీ లేదు. కొల్లేటి లంకలో పుట్టి, ఉండిలో అబ్బాయిరాజుని పెళ్ళాడి అత్తింటికి వచ్చేనాటికి ఆ ఇంట్లో గడియారం హాల్లో ఉండేది, రేడియో అరుగు మీద ఉండేది, ఆవిడ వంటింట్లో ఉండేది. పొయ్యి దగ్గర్నించి గడియారం కనిపించదు. రేడియో మాత్రం కిటికీలోంచి చక్కగా వినిపిస్తుంది. ఏలూరులో కొనుక్కొచ్చిన ట్రాన్సిస్టరు అది. తోలు తొడుగు, భుజానికి తగిలించుకోవడానికి పట్టీ. తెల్లారగానే అబ్బాయిరాజు విజయవాడ స్టేషను పెట్టేవాడు, చుట్టూ మగవాళ్ళు చేరేవారు. పొలం వెళ్ళేవాళ్ళకి కేరియర్లు సర్దాలి కాబట్టి వంట ఆ వేళకే మొదలయ్యేది. ఏ పాటలో ఏం వెయ్యాలో, ఏ వార్తలో ఏం దింపాలో చేతికి అలవాటైపోయింది. ఆ పెట్టె మొహం మాత్రం దుమ్ము దులిపేటప్పుడు తప్ప ఆవిడ ఎన్నడూ చూసింది లేదు.

ఆ గొంతులంటే ఎంత ప్రేమో! వానాకాలం ఉరిమినప్పుడల్లా రేడియో చిటపటలాడేది, ఆవిడకి తిరగమోతలా అనిపించేది. పుట్టింటికి వెళితే రాత్రి పూట రేడియోలో సిలోను స్టేషను పెట్టేవారు. కొల్లేటి మీదుగా ఆ పాట ఒకసారి చెవి దగ్గరకొచ్చేది, ఒకసారి ఎటో వెళ్ళిపోయేది, మళ్ళీ వచ్చేది. అలా వచ్చిపోయే పాట వింటుంటే కడుపు నిండినట్టుండేదని ఇప్పటికీ అంటుంది.

ఇప్పుడా పెట్టె ఉంది గానీ, పెడితే గుర్రుమంటుంది. చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు, వాటిల్లో రాత్రీ పగలూ నీళ్ళు చిలికే ఏరేటర్ల మోటార్లు, ఇంటి నిండా ఎల్ఈడీ బల్బులు. మీడియం వేవ్‌లో ముల్లు ఎక్కడ పెట్టినా గోలే. అయినా రాజ్యానికి పెట్టెతో పనేముంది? పొయ్యి వెలిగిస్తే బుర్రలో స్టేషను దానంతటదే మోగుతుంది.

అంతా బాగానే ఉండేది, ఆవిడ కంట్లో శుక్లం ముదరకపోతే. ఏలూరు ఆసుపత్రిలో ఆపరేషను చేసి, నల్లకళ్ళద్దాలు పెట్టి పంపారు. పొయ్యి దగ్గరకి వెళ్ళకూడదు, పొగ తగలకూడదు, కుదుపుల్లో ప్రయాణాలు పనికిరావు. సరిగ్గా అప్పుడే తాడేపల్లిగూడెంలో కోడలు సాయిప్రియ కర్రీ పాయింట్ తెరవబోతోంది. కొడుకు భానుప్రకాష్ అక్కడి ఉల్లిపాయల మార్కెట్లో గుమస్తా. మార్కెట్ వీధి మొగలో షాపు దొరికింది, ముహూర్తం కుదిరింది. బ్యానరు మీద 'ఉండి చేపల పులుసు' అని కుండంత అక్షరాలతో వేయించేశారు కూడా. మొదటి నెల అత్తగారు వచ్చి దగ్గరుండి నేర్పుతారని ధైర్యం. ఇప్పుడు అత్తగారు ఉండిలో మంచం మీద.

ముహూర్తానికి ముందురోజు సాయిప్రియ ఫోను చేసింది.

"అత్తయ్యగారూ, సంస్కృతం అంటే ఎన్ని నిమిషాలండి?"

"నిమిషాలు నాకేం తెలుసమ్మా? వార్తలైపోయేదాకా."

"ఎప్పటికైపోతాయండి?"

"అయిపోయినప్పుడే అయిపోతాయి. భలేదానివే!"

సాయిప్రియ తెలివిగల పిల్ల. ఫోనులోనే రేడియో పెట్టి చూసింది. అందులో ఒక అమ్మాయి ఎవరితోనో మాట్లాడుతూ ఒకటే నవ్వు. "ఆ పిల్ల నవ్వడం ఆపలేదండి, ఉల్లిముద్ద మాడిపోయిందండి" అని బావురుమంది. యూట్యూబ్ చూసి వండేయమని భానుప్రకాష్ సలహా ఇచ్చి, ఆ పూటకి తిండి లేకుండా పోయాడు. రెండోసారి ఆమే ఏదో అంచనా వేసుకుని వండి, కేరియర్లో పెట్టి తెలిసినవాళ్ళతో బస్సులో ఉండికి పంపింది. రాజ్యం ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంది. పులుసు పచ్చివాసన. ముక్క చూస్తే ముట్టుకోగానే విడిపోతోంది.

"బాగానే ఉందే" అన్నాడు అబ్బాయిరాజు, తింటూ.

"మీకన్నీ బాగానే ఉంటాయి" అని రాజ్యం కంచం పక్కకి నెట్టేసింది. ఆవిడకి నిజంగా భయం పట్టుకుంది. మనిషై పుట్టాక తనకంటూ వచ్చింది ఈ పులుసొక్కటే. చదువుకోలేదు, పాడుకోలేదు, నాలుగూళ్ళు తిరగలేదు. చెబితే పక్కవాళ్ళకి అర్థం కాని విద్య తనతోనే సరి. పైగా రేపు జనమంతా వచ్చి ఆ పచ్చివాసన పులుసు తిని, ఉండి వంటంటే ఇంతేనా అని వెళ్ళిపోతే పిల్ల తలెలా ఎత్తుకుంటుంది?

మర్నాడు తెల్లవారుతూనే సాయిప్రియ ఫోను. "పొయ్యి వెలిగించానండి. ఉల్లిముద్ద వేసేశానండి. ఇప్పుడెలాగండి?"

రాజ్యం లేచి కూర్చుంది. కళ్ళద్దాలు సర్దుకుంది. "ఫోను స్పీకరులో పెట్టి పొయ్యి పక్కన పెట్టమ్మాయ్. నేనెంతసేపు చెబితే అంతసేపు వేయించు." ఫోను భర్త చేతికిచ్చింది. "మీరు పట్టుకోండి. కదపకండి."

గొంతు సవరించుకుని పాడడం మొదలెట్టింది. రాముడి మీద కీర్తన. అబ్బాయిరాజు నోరు తెరిచాడు. పెళ్ళయ్యాక ఆవిడ పాడగా వినడం ఆయనకిదే మొదటిసారి. ఒక పాటయ్యింది. మధ్యలో తంబురా శ్రుతి కూడా "మ్‌మ్‌మ్" అని తనే పెట్టింది. రెండో పాట సగంలో "నూనె తేలిందా?" అని అడిగింది.

"తేలిందండి! తేలిందండి!" అని అక్కడినుంచి కేక.

"కారం, పసుపు వేసెయ్. ప్రాంతీయ వార్తలొస్తున్నాయి, పులుసు పోసెయ్." గొంతు మార్చేసింది. కొల్లేటికి వరద తగ్గుముఖం పట్టిందంది. కాలువలకి నీళ్ళు వదులుతారంది. ఎప్పటి వార్తలో ఏమో, ఏ మంత్రి ఎక్కడ శంకుస్థాపన చేశాడో కూడా వదల్లేదు. అదే తూకం, అదే విరుపు, వాక్యం చివర అదే ఊపిరి.

ఆ తర్వాత సంస్కృతం. రాజ్యానికి సంస్కృతంలో ఒక్క ముక్క రాదు. అయితేనేం! సంప్రతి వార్తాః అని ఎత్తుకుని, అస్తి, భవతి, ప్రధానమంత్రీ మహోదయః అంటూ నోటికొచ్చిందల్లా ఆ నడకలోనే దంచేసింది. షాపు ముందు అప్పటికే మార్కెట్ హమాలీలు నలుగురు టీ గ్లాసులతో నిలబడ్డారు. లోపల పంతులుగారు పూజ చేయిస్తున్నారనుకుని ఒకాయన చెప్పులు విడిచేశాడట.

"ఇప్పుడు ఢిల్లీ. ముక్కలెయ్యి. గరిట పెట్టావో ఊరుకోను, గిన్నె రెండు చెవులూ పట్టుకుని కుదుపు." వార్తలు మొదలెట్టి, కాస్త చదివి, టక్కున ఆపేసింది.

"ఏవైందండీ?"

"ఏవీ లేదు. వార్తలు ఇక్కడికొచ్చేసరికి అప్పుడప్పుడు మీ మావయ్యగారు రేడియో కట్టేసేవారు, సెల్లు అయిపోతాయని. అలవాటు చొప్పున ఆగిపోయాను."

"అయ్యో, మరి పులుసు?"

"ఏవుంటుంది? ఎప్పుడు దింపాలో తెలిసేది కాదు. ఆ రోజు చెడిపోయేది. ఆయనే తినేటప్పుడు తిట్టేవారు."

అబ్బాయిరాజుకి అన్నీ గుర్తొచ్చాయి. నిజమే, తిట్టాడు. మనసు పెట్టి వండవు, ఒకరోజు అమృతం, ఒకరోజు కుడితి అని నలుగురి ముందూ అన్నాడు. అన్నేళ్ళూ ఆ రేడియో బిరడా తిప్పింది తన చెయ్యే.

"చెప్పొచ్చు కదే" అన్నాడు మెల్లగా.

"చెబితే, వంటింట్లో కూర్చుని వార్తలు వినే దొరసానివా అనేవారు కదండీ." అందులో కోపమేమీ లేదు, ఉన్నమాట అంది. ఆయన ఫోను ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాడు. ఆవిడ ఢిల్లీ వార్తలు ఆగిన చోటినుంచి అందుకుని, ముఖ్యాంశాలు మరోసారి చదివి, "దింపెయ్" అంది.

మధ్యాహ్నానికి గిన్నె ఖాళీ అయిపోయిందని కబురొచ్చింది. రాజ్యం ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మర్నాడు తెల్లవారకముందే లేచి మొహం కడుక్కుని, గొంతు పట్టకుండా గోరువెచ్చని నీళ్ళు తాగి కూర్చుంది. అబ్బాయిరాజు ఛార్జింగు తీసి ఫోను పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఫోను మోగలేదు. భక్తిరంజని వేళ దాటిపోయింది. వార్తల వేళ దాటిపోయింది. మనం చేద్దామా అన్నాడాయన. వద్దంది. నిన్న బాగాలేదేమో, మొహమాటానికి అయిపోయిందన్నారేమో, ఉన్నదంతా కాలవలో పారబోశారేమో అని రాజ్యం మనసు నూటొక్క రకాలుగా పోయింది. టిఫిను వద్దంది. ఆయన రెండుసార్లు బతిమాలితే కసిరింది.

పొద్దు బాగా ఎక్కాక మోగింది.

"ఏమ్మా, పులుసు మానేశావా?" అంది రాజ్యం, హలో కూడా అనకుండా.

"అయ్యో, లేదండి! అయిపోవచ్చిందండి. పొద్దున్నే మిమ్మల్ని లేపడం ఎందుకని నేనే చేసేశానండి. నిన్నటికంటే బాగుందని హమాలీలే అన్నారండి."

"నువ్వే చేశావా? నిమిషాలు పెట్టుకునా?"

"లేదండి. పాటలు పాడానండి, నాకొచ్చినవి. తర్వాత వార్తలు చదివానండి."

"నీకేం వార్తలొచ్చే?"

"మా గూడెం వార్తలేనండి. ఉల్లిపాయలు ఎన్ని లారీలు దిగాయో, కర్నూలు ఉల్లి ధర ఎంత పలికిందో, స్టేషను దగ్గర ఆటో ఎలా బోల్తా కొట్టిందో. సంస్కృతం మాత్రం మీలాగే అండి, నోటికొచ్చింది."

రాజ్యం ఫక్కున నవ్వింది. ఆపరేషనయ్యాక అంత నవ్వు నవ్వడం అదే. "ఏదీ, ఒకసారి చదువు, వింటాను. తూకం సరిపోయిందో లేదో చూడాలి కదా."

అవతల గరిట పక్కన పెట్టిన చప్పుడు. సాయిప్రియ గొంతు సవరించుకుంది. "ఆకాశవాణి, తాడేపల్లిగూడెం మార్కెట్ వీధి. వార్తలు చదువుతున్నది పెన్మత్స రాజ్యం."

అని ఆగింది. "పేరు చెప్పకుండా వార్తలు చదవరు కదండీ. మీవి కదా అని మీ పేరే చెప్పానండి. పొద్దున్న అందరూ విన్నారండి. తప్పా అండి?"

రాజుగారి భార్య, భానుగారి అమ్మ, ఉండి పిన్నిగారు, ఇన్ని పిలుపులున్నాయి గానీ ఇంటిపేరుతో సహా తన పేరు అంత నిండుగా, అంత మర్యాదగా ఎవరూ పలకగా రాజ్యం ఎన్నడూ వినలేదు. నల్లకళ్ళద్దాల కిందనుంచి నీళ్ళు జారాయి.

అబ్బాయిరాజు కంగారుపడి లేచాడు. "ఏడవకూడదే, కన్ను పాడవుద్ది! డాక్టరుగారికి ఫోన్ చెయ్యనా?"

రాజ్యం చెయ్యెత్తి ఆయన్ని ఆపింది.

"మీరు కాసేపు మాట్లాడకుండా కూర్చోండి. వార్తలొస్తున్నాయి."