ఐలీ ఆంటీ జున్ను

మొన్న శనివారం పొద్దున, క్యారీ ఊళ్ళో మా వంటింట్లో, పెనం మీద వేసిన చీజ్ ముక్క వేడెక్కి అంచుల్లో నెయ్యి ఊరి, పైన గోధుమరంగు మచ్చలు తేలుతుంటే లేచిన వాసనకి నా చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది. మీగడ మాడినట్టూ, కోవా అడుగంటినట్టూ ఉండే వాసన. కొట్లో దాన్ని బ్రెడ్ చీజ్ అని అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్నారు, ఫిన్‌లాండ్ వాళ్ళ పద్ధతి అని కింద చిన్న అక్షరాల్లో రాశారు. కొనేముందు అలవాటుకొద్దీ లేబుల్ రెండుసార్లు చదివాను. ఈ లేబుల్ చదివే రోగం నాకు చిన్నప్పుడే పట్టింది, యాభై దాటినా వదల్లేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, అంటే డెబ్బైల చివర, మేం మిషిగన్ ఉత్తరపు కొసన ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న అక్కడి ఇనుపగనిలో ఇంజనీరు. అక్టోబరులో పడటం మొదలెట్టిన మంచు ఏప్రిల్ దాకా కరిగేది కాదు. కిటికీ సగం దాకా మంచు, మిగతా సగంలోంచి బూడిదరంగు ఆకాశం, తలుపు పక్కన ఎప్పుడూ ఆరని బూట్లు, హీటరు మీద వేలాడే చేతితొడుగుల తడి ఉన్ని వాసన. తెలుగు మాట్లాడేవాళ్ళు కావాలంటే వంద మైళ్ళు కారులో వెళ్ళాలి. అమ్మ ఊళ్ళోని వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికే పనిలో చేరింది. సాయంత్రం వచ్చి కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడేది. ఇంటికొచ్చిన అమ్మ నవ్వడం ఆ మొదటి చలికాలంలో నేను చూసిన గుర్తు లేదు.

మా ఇంట్లో గుడ్డు కూడా వచ్చేది కాదు. వచ్చిన కొత్తలో స్కూల్లో ఇచ్చిన మార్ష్‌మాలోలు తెచ్చి అమ్మకి కూడా తినిపించాను, తెల్లగా మెత్తగా ఉన్నాయని ఆవిడా ఇష్టంగా తింది. వారం తర్వాత నాన్న పొట్లం వెనక చదివి, అందులో జంతువుల ఎముకల్లోంచి తీసిందేదో ఉందని చెప్పాడు. ఆ రోజు నుంచి మార్ష్‌మాలోలు మా ఇంట్లో కనిపించలేదు. బిస్కట్లు పోయాయి, డబ్బాలో వచ్చే చిక్కుళ్ళు పోయాయి. దాంతో నాకు ఒకటి బాగా అర్థమైంది: ఏదన్నా తినాలని ఉంటే అందులో ఏముందో ఇంట్లో చెప్పకూడదు.

రోడ్డుకి అవతలి పక్క ఐలీ ఆంటీ ఉండేది. డెబ్బై ఏళ్ళ ముసలావిడ, ఫిన్‌లాండ్ నుంచి వచ్చినవాళ్ళ కూతురు, భర్త గనిలో పని చేసి పోయాడు. ఇంటి వెనక కొట్టంలో రెండు ఆవులుండేవి. జనవరిలో ఒక శనివారం తలకి ఉన్నిగుడ్డ కట్టుకుని, నీలం అంచు పళ్ళెంలో, కాల్చిన మినపరొట్టెలా మచ్చలు పడ్డ గుండ్రటి చీజ్ ఒకటి పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. కాఫీ కావాలని సైగ చేసింది. అమ్మ కాఫీ పెడితే, చీజ్‌ని ముక్కలుగా కోసి కప్పులో వేసి, పైనుంచి వేడి కాఫీ పోసి, చెంచా అమ్మ చేతికిచ్చింది. కాఫీలో చీజేమిటని నేను కిసుక్కున నవ్వాను. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. పళ్ళ కింద అది కీచుమంది. అమ్మ రెండోసారి కొరికింది, మళ్ళీ కీచుమంది, అప్పుడు నవ్వింది.

"జున్నులా ఉందే అమ్మడూ. కాస్త గట్టిపడిన జున్ను."

ఆ తర్వాత ప్రతి శనివారం మధ్యాహ్నం అమ్మ ఐలీ ఆంటీ ఇంటికి వెళ్ళేది, నన్ను తోడు తీసుకెళ్ళేది. అమ్మకి వచ్చిన ఇంగ్లీషు ఒక గుప్పెడు మాటలు, ఆంటీ ఇంగ్లీషు గొంతులోంచి రాయి దొర్లినట్టుండేది. మధ్యలో దుబాసీని నేను, ఆ పని మీద నాకు ఎంత విసుగో! బయట పిల్లలు మంచుగుట్ట మీంచి జారుతుంటే నేను లోపల కూర్చుని ఒకావిడ మోకాలినొప్పిని ఇంకొకావిడకి చెప్పాలి. అయినా చాలాసేపు వాళ్ళకి నా అవసరం ఉండేది కాదు. కట్టెలపొయ్యి పక్కన ఇద్దరూ మేజోళ్ళు కుట్టుకుంటూ, చక్కెరబిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని కాఫీ జుర్రుతూ, ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. అమ్మ వారమంతా ఆ రెండు గంటల కోసమే బతికేదని ఇప్పుడనిపిస్తుంది.

ఆంటీ చీజ్ చేస్తుంటే నేను చూసేదాన్ని. పెద్ద గిన్నెలో గోరువెచ్చటి పాలు, అందులో చిన్న సీసాలోంచి కొన్ని చుక్కలు, కాసేపటికి పాలు గడ్డకట్టేవి. ఆ గడ్డని గుడ్డలో వడగట్టి, పళ్ళెంలో అదిమి, పొయ్యిలో కాల్చేది. ఆ సీసాలో ఏమిటని ఒకసారి అడిగితే, గోడ మీద క్యాలెండరులో దూడ బొమ్మ చూపించి, తన పొట్ట తట్టుకుంది. నాకు అర్థమైంది. అమ్మకి మాత్రం చెప్పలేదు.

ఉగాదికి ఆ ఏడు మా ఇంటికి మూడు కుటుంబాలు వచ్చాయి. వేపపువ్వు లేదు, మామిడికాయ లేదు; మెంతులూ పుల్లటి ఆపిలూ వేసి అమ్మ పచ్చడి చేసింది. అంతకు మూడు రోజుల ముందే ఆంటీ వాళ్ళ ఎర్రావు ఈనింది. మా పండగ అని తెలిసి ఆంటీ ఆ పొద్దున ఒక పెద్ద చీజ్ కాల్చి తెచ్చింది, ఎప్పటికంటే పసుపుపచ్చగా ఉంది. అమ్మ దాన్ని ముక్కలు కోసి, బెల్లం దొరక్క గోధుమరంగు చక్కెర పాకం పట్టి, మిరియాలూ ఏలక్కాయలూ దంచి పోసి, దేవుడి దగ్గర పెట్టి అందరికీ వడ్డించింది. జున్ను అన్న మాట వినగానే మగవాళ్ళు పేకముక్కలు కింద పెట్టి వచ్చారు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ ముఖం ఎలా వెలిగిపోయిందంటే, అంత చలిలోనూ పెళ్ళిపందిట్లో నిలబడ్డట్టుంది.

వచ్చినవాళ్ళలో కామేశ్వరి ఆంటీ అందరిలోకీ పెద్దది, ఏ పొట్లంలో ఏముందో పట్టీ రాసుకుని పర్సులో పెట్టుకు తిరిగే మనిషి. రెండు ముక్కలు తిని, మెచ్చుకుని, అడిగింది.

"ఇంత గట్టిగా ఎలా వచ్చిందే? ఏం వేస్తారుట ఇందులో?"

అమ్మ నా వైపు చూసింది. అందరూ నా వైపు చూశారు. పెద్దవాళ్ళందరూ నన్నొక మాట అడిగి ఆగడం నాకదే మొదటిసారి. ఆ గొప్పకి పోయాను. నా నియమం నేనే మర్చిపోయాను.

"చిన్న సీసాలో ఉంటుంది. దూడ కడుపులోంచి తీస్తారు."

కామేశ్వరి ఆంటీ పళ్ళెం కింద పెట్టి పుక్కిలించడానికి వెళ్ళింది. వెనక ఇంకొకావిడ. అమ్మ అందరి పళ్ళేల్లోంచీ ముక్కలు తీసి, కాయితం సంచీలో కట్టి, బయట చెత్తడబ్బాలో పడేసి వచ్చింది. దేవుడి దగ్గరది కూడా తీసింది. నన్ను తిట్టలేదు.

తర్వాతి శనివారం మేం వెళ్ళలేదు. ఐలీ ఆంటీయే ఇంకో పళ్ళెంలో చీజ్ పట్టుకుని వచ్చింది. అమ్మ గుమ్మంలో నిలబడి నవ్వుతూ, నో, థాంక్యూ, నో, అంది. ఆంటీ నా వైపు చూసింది, ఎందుకో చెప్పమన్నట్టు. నేను బూట్లకేసి చూసుకున్నాను. ఇంకో రెండు వారాలు అదే జరిగింది. ఆపైన రోడ్డుకి ఇటొకరూ అటొకరూ చెయ్యెత్తడమే మిగిలింది.

రెండేళ్ళకి నాన్నకి న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే రోజున, ఆ పండగనాడు మా దగ్గరే ఉండిపోయిన నీలం అంచు పళ్ళెం ఇచ్చి రమ్మని అమ్మ పంపింది. ఆంటీ దాన్ని తుడుస్తూ అడిగింది.

"ఆ పండగనాటి చీజ్ బాగాలేదా? అది మొదటి పాలు. అందులో ఏమీ వెయ్యను, పొయ్యిలో పెడితే దానంతటదే అవుతుంది. దూడకి తగ్గించి మీ అమ్మకి ఉంచాను."

చాలా బాగుంది ఆంటీ, అన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు. బయట కారు హారన్ మోగుతోంది. పరిగెత్తుకొచ్చి వెనక సీట్లో కూర్చున్నాను. ఆ సంగతి అమ్మకీ చెప్పలేదు. చెబితే ఆవిడ పోగొట్టుకున్నది నా తప్పుడు మాట వల్లనని తేలిపోతుందని భయం.

మొన్నటి దాకా దాచాను. ఇప్పుడు అమ్మకి ఎనభై దాటింది, నా దగ్గరే ఉంటుంది. మచ్చలు పడ్డ ముక్కల్ని కప్పులో వేసి, కాఫీ పోసి, పాలు గడ్డకట్టడానికి మొక్కల ఎంజైములే వేశారమ్మా, లేబుల్ చూశాను, అంటూ ఇచ్చాను. అమ్మ కొరికింది. కీచుమంది. నవ్వలేదు. అప్పుడు చెప్పేశాను, ఆ ఉగాదినాటి జున్నులో ఏమీ లేదని, అవి వట్టి జున్నుపాలని.

"నాకు తెలీదుటే? రంగు చూస్తే తెలియట్లా? జున్నుకి ఎవరన్నా ఏమన్నా వేస్తారా?"

"మరి అందరి ముందూ చెప్పలేదేం?"

"అంతమందిలో నిన్ను అబద్ధాలకోరుని చెయ్యమంటావా? పైగా అంతకుముందు చలికాలమంతా తిన్నవి ఉన్నాయిగా. వాటిల్లో ఆ సీసాలోది ఉందిగా."

చెంచాతో కాఫీ కలిపింది. తర్వాత, ఎప్పటిదో అలిసిపోయిన గొంతుతో అంది.

"జున్ను వద్దుగానీ, ఆవిడ వద్దని నేనెప్పుడన్నాను? అది చెప్పే ఇంగ్లీషు నాకు లేకపాయె. నువ్వెళ్ళి చెప్తావేమోనని ప్రతి శనివారం నీకేసి చూసేదాన్ని."

ఆ ఊళ్ళో ఇప్పుడు గని మూసేశారు, ఆంటీ ఎప్పుడో పోయింది, ఆ కొట్టం ఉన్నచోట ఏముందో కూడా నాకు తెలీదు. శనివారాలు రెండు గంటలకి అమ్మ నాకేసి చూడటం మాత్రం నాకు గుర్తుంది. పనేదన్నా చెబుతుందేమోనని పుస్తకం అడ్డం పెట్టుకునేదాన్ని.

అమ్మ కప్పు ముందుకి జరిపి, ఇంకో ముక్క వెయ్యమంది. వేశాను.