పాత కార్డు, కొత్త కార్డు పక్కపక్కన పెట్టి నిజం చెప్పిన మా స్టీఫెన్

నిన్న పొద్దున ఆఫీసుకు బండి తీస్తుంటే స్టీఫెన్ భార్య సునీత ఫోన్ చేసింది.

"గోపన్నా, స్టీఫెన్ లేస్తాలేడు. బిరీన రా అన్నా."

నిద్ర లేవడం లేదేమో అనుకున్నాను. అంత మొద్దు బుర్ర నాది.

ఆస్పత్రికి తీసుకెళ్లారని తెలిసి నేను వెళ్లేసరికి సునీత అక్కడ మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో అతని చెప్పు. ఒకటే.

అర్థమైపోయింది.

వాళ్ల పాపకు ఒళ్లంతా చెమటకాయలు లేచాయని మొన్ననే కూలర్ తెచ్చాడు. నిన్న అందులో నీళ్లు పోస్తున్నాడు. స్విచ్ ఆన్‌లోనే ఉంది. ఇనుప బాడీకి కరెంట్ వచ్చింది. సునీత చెక్క స్టూల్‌తో కొట్టి విడిపించిందట. అప్పటికే ఆలస్యమైపోయింది.

దయచేసి మీ ఇళ్లలో ప్లగ్ పీకాకే కూలర్‌లో నీళ్లు పోయండి. ఇంతకంటే ఇప్పుడు చెప్పలేను.

తెలియని వాళ్ల కోసం. స్టీఫెన్ నా డిగ్రీ క్లాస్‌మేట్. బెళుగుప్ప దగ్గర పల్లె. అనంతపురంలో కంప్యూటర్లు రిపేర్ చేసేవాడు. ఆదివారం వస్తే గ్రాఫిక్స్ కార్డుల మీద తెలుగులో వీడియోలు చేసి ఆన్‌లైన్‌లో పెట్టేవాడు. కెమెరా పట్టుకునేది నేను.

గ్రాఫిక్స్ కార్డు అంటే కంప్యూటర్‌లో బొమ్మను తెర మీదికి తెచ్చే భాగం. ఏటా కొత్తది వస్తుంది. పాతది పారేసి అది కొనమంటారు. స్టీఫెన్ రెండింటినీ తెచ్చి, ఒకే గేమ్, ఒకే సెట్టింగ్స్ పెట్టి నడిపించి, తేడా ఎంతో చూపించేవాడు. అంతే అతని పని.

ఒక విషయంలో మాత్రం మొండి. టెస్ట్ చేసేది మామూలు రేకుల గదిలోనే. ఏసీ లేదు, కూలర్ కూడా పెట్టనిచ్చేవాడు కాదు. మే నెలలో కెమెరా పట్టుకోలేక నేను తిట్టుకునేవాణ్ని.

ఒకసారి ఒక కంపెనీ వాళ్లు వాళ్ల కొత్త కార్డు పంపారు. అంతవరకూ మనవాడికి ఎవరూ ఏదీ పంపలేదు. డబ్బా విప్పేటప్పుడు అతని మొహం చూడాలి!

మొదట కొత్త కార్డు దుమ్ము రేపింది.

"చూడప్పా గోపీ, గుర్రం లెక్క పోతాండాది!" అని చప్పట్లు కొట్టాడు.

కాసేపయ్యాక కార్డు కాలిపోయేంత వేడెక్కింది. వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించుకుంటుంది. గేమ్ ఆగి ఆగి నడిచింది. పక్కన పాత కార్డు మెల్లగానే మొదలైంది, కానీ అదే స్పీడ్‌లో చివరిదాకా నడిచింది.

మర్నాడు మళ్లీ చేశాడు. అదే రిజల్ట్. ఉన్నది ఉన్నట్టు వీడియో పెట్టాడు.

కంపెనీ నుంచి ఫోన్. స్పీకర్‌లో పెట్టాడు.

"వేడి సంగతి తీసేయండి బ్రదర్. ఏసీ రూమ్‌లో మళ్లీ చేసి పెట్టండి."

"సార్, ఈడ యెంతమంది ఇండ్లల్లో ఉండాది సార్ ఏసీ? నా వీడియోలు చూసేటోళ్లు ఈడోళ్లే గదా."

"అలా అయితే ఇక మీకు కార్డులు రావు."

"రాకుంటే పాయె సార్."

ఫోన్ పెట్టేశాక ఆ కార్డు తనే ప్యాక్ చేసి కొరియర్‌లో వెనక్కి పంపించాడు.

ఆ తర్వాత నిజంగానే ఎవరూ పంపలేదు. కొన్ని వారాలు వీడియోలు లేవు, నవ్వు లేదు. అప్పుడు చూసేవాళ్లే తమ కార్డులు విప్పి బస్సు పార్సిల్‌లో పంపడం మొదలుపెట్టారు. టెస్ట్ చేసి జాగ్రత్తగా తిరిగి పంపేవాడు.

అలాగని పాతదే గొప్ప అనే మనిషి కాదు.

కుందుర్పి నుంచి సరోజక్క వచ్చింది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. "నీ వీడియో చూసినాబ్బా, పాతదే మేలంట గదా" అంది. ఆమె తెచ్చిన పెళ్లి వీడియోనే రెండు కార్డుల మీదా నడిపించాడు. ఆమె టీ తాగే లోపు కొత్తది ఆ వీడియోను తయారు చేసే పని ముగించింది. పాతది ఇంకా సగంలోనే ఉంది.

"అక్కా, ఆటలకైతే నీ పాతది సాలు. నీ పనికి సాలదు. నేను ముందు చెప్పింది ఆటల సంగతి" అన్నాడు.

నిన్న సరోజక్క దొరికిన బస్సెక్కి వచ్చేసింది. రాత్రంతా సునీతను వదల్లేదు.

ఈరోజు పొద్దున స్టీఫెన్ వాళ్ల ఊరి సమాధుల తోటలో పూడ్చాం. నేల రాయిలా ఉంది, గడ్డపార దిగడం లేదు. ఎక్కడెక్కడి నుంచో బండ్ల మీద కుర్రాళ్లు వచ్చారు. ఒకరి తర్వాత ఒకరు గడ్డపార అందుకుని తవ్వారు. చాలామంది అతన్ని నేరుగా ఎప్పుడూ చూడలేదు.

స్టీఫెన్ వాళ్ల నాయన కూలి మనిషి. నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

"యెవురప్పా ఇంతమంది? మావోడు ఏం పని చేస్తాండె?"

"కంప్యూటర్లో ఒక సామాను ఉంటాది నాయనా. పాతది సాలునా, కొత్తది కొనాల్నా అని పరీక్ష చేసి చెప్తాండె."

"సంతలో ఎద్దును నడిపించి చూసి చెప్తారే, అట్లనా?"

"అట్లనే నాయనా."

"అబద్ధం చెప్పినాడా యెప్పుడన్నా?"

"చెప్పలేదు నాయనా."

తల ఊపాడు. వంగి పిడికెడు మట్టి తీసుకుని కొడుకు మీద వేశాడు.

పోయి రాప్పా స్టీఫెన్. మీ ప్రార్థనలు నాకు సరిగ్గా రావు. నీ దేవుడు నీకు శాంతీ సమాధానమూ ఇవ్వాలి, సునీతకూ పాపకూ బతికే బలం ఇవ్వాలి. అదొక్కటే అడుగుతున్నాను.