తొక్కుతో పాటు మస్కట్ వెళ్ళిన కథ

ఆదివారం ఆరాధన అయిపోగానే అందరూ చెప్పులు వెతుక్కుంటుంటే నేను పుస్తకాల బల్ల దగ్గరికి పరుగెత్తుతాను. కోరుట్లలో మా సంఘం చిన్నది. గుమ్మం పక్కన ఒక రేకు బల్ల వేసి, పిల్లలూ పెద్దలూ ఇంటికి తీసుకెళ్ళి చదువుకునే పుస్తకాలు దాని మీద పరుస్తాం. ఏ ఇంటికి ఏ పుస్తకం పోవాలో చెప్పే పని నాది. నాకెవరూ అప్పగించలేదు, నేనే లాక్కున్నాను. నా పుట్టిల్లు సిరిసిల్ల. మరమగ్గాల మోతలో పెరిగిన గొంతు కాబట్టి నేను ఒక తల్లికి పుస్తకం గురించి చెబితే వీధి చివర దాకా వినిపిస్తుంది. "నీకు దొరికినోళ్ళు చేతిల పుస్తకం లేకుంట ఇంటికి పోయేదున్నదానే?" అని పాస్టరమ్మ నవ్వుతుంది. పోనివ్వను మరి!

తల్లులు వచ్చి, "మా పిలగానికి బుద్ధి జెప్పే బుక్కు ఉంటె ఇయ్యి అక్కా," అంటారు. అక్కడే నాకు మండుతుంది. పదో తరగతి పిల్లవాడికి బుద్ధులు చెప్పే పుస్తకం ఇస్తే అది బియ్యం డబ్బా మీద మూతగా పనికొస్తుంది, అంతే. మొదటి పేజీలోనే మోకరించి ప్రార్థన చేసి, అమ్మ మాట విని, క్లాసులో ఫస్ట్ వచ్చేసినవాడికి ఇక కథేం ఉంటుంది? వాడికి కోపం రావాలి, అబద్ధం ఆడాలి, దేవుడితో పేచీ పెట్టుకోవాలి. ఆ తర్వాత ఏం చేస్తాడోనని ఇంటిల్లిపాదీ అన్నం చల్లారబెట్టుకుని చదవాలి. అలాంటి పుస్తకం దొరికితే నేను దాన్ని చంకలో పెట్టుకుని ఊరంతా తిరుగుతాను.

మొన్న ఎండాకాలం జగిత్యాలలో మూడు ఊళ్ళ సంఘాలు కలిసి పెట్టిన కూటాల్లో అలాంటిదే దొరికింది. రేవు దాటించే పడవవాడి కూతురి కథ. వాళ్ళ నాన్న రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో శత్రువుని క్షమించమని చెబుతాడు, ఆ పిల్ల రోజూ ఆమెన్ అంటుంది. ఒకడు వచ్చి వాళ్ళ పడవకే నిప్పు పెడతాడు. అప్పో సప్పో చేసి కొత్త పడవ కట్టుకుంటారు. వానాకాలం నది పొంగుతుంది, తండ్రి జ్వరంతో మంచం మీద ఉంటాడు. అవతలి ఒడ్డున నీళ్ళు నడుం దాకా వచ్చి ఒక మనిషి చేతులూపుతూ అరుస్తుంటాడు. ఎవరో కాదు, ఆ నిప్పు పెట్టినవాడే. ఇప్పుడు తెడ్డు ఆ పిల్ల చేతిలో ఉంది. జగిత్యాల బస్సులో చదవడం మొదలుపెట్టి, కోరుట్ల వచ్చిందని కండక్టర్ అరిచినా వినకుండా మెట్‌పల్లిలో దిగాను. అంత బాగుంది! నా సంచిలో ఇంకో ప్రతి కూడా ఉంది. కొనేటప్పుడే రెండు కొన్నాను.

ఆ రెండో ప్రతి మా ఆయన కోసం. ఆయన మస్కట్‌లో ఒక కంపెనీలో డ్రైవర్. మా కూతురు అంగన్‌వాడీకి పోయే రోజుల్లో వెళ్ళాడు. మొదట్లో చుట్టీ దొరికినప్పుడల్లా వచ్చేవాడు, తర్వాత ఇల్లు మొదలుపెట్టాం, వస్తా వస్తా అంటూనే రావడం మానేశాడు. ఇప్పుడు బిడ్డ పదో తరగతి. ఫోన్ చేస్తే, "తిన్నవా బిడ్డా?" "తిన్న." "మంచిగ సదువుతున్నవా?" "ఆ." "అమ్మకియ్యి." ఆ నాలుగు మాటలు అయ్యాక ఫోన్ నా చేతికి వచ్చేది. ఇల్లు పూర్తయి ఆయన వచ్చేనాటికి అందులో ఇద్దరు తెలియనివాళ్ళు ఉంటారేమోనని భయం వేసేది. మాట్లాడుకోవడానికి వాళ్ళ మధ్య ఏదో ఒకటి ఉండాలి. నాకు చేతనైనదల్లా పుస్తకమే.

మా వైపు గల్ఫ్‌కు తిరిగి వెళ్ళేవాళ్ళ ఇల్లు బయలుదేరే ముందురోజు పోస్టాఫీసులా ఉంటుంది. అక్కడున్న మగవాళ్ళందరి ఇళ్ళ నుంచీ సంచులు వస్తాయి. దూలానికి స్ప్రింగు కాంటా వేలాడదీసి, ఇంటికి రెండు కిలోలని తూచి, ఒక్క పిసరు ఎక్కువైనా తీయించేస్తారు. మా వీధిలో చుట్టీ అయిపోయి మస్కట్ వెళ్తున్నతని ఇంటికి మా అత్తా నేనూ మామిడికాయ తొక్కు, సకినాలు, పుస్తకం పట్టుకుని పోయాం. కాంటా ముల్లు రెండు దాటింది. మా అత్త చెయ్యి నేరుగా పుస్తకం మీదికి పోయింది.

"ఆడ బుక్కు తింటడా వాడు? గిది తీసేస్తె ఇంకింత తొక్కు పడుతది."

"తొక్కు నెలకు అయిపోతది అత్తమ్మా. బుక్కు అయిపోదు."

"అయిపోకపోతె ఏం జేసుకుంటడు, తలకింద పెట్టుకుంటడా?"

నేను పుస్తకం వదల్లేదు, ఆమె తొక్కు వదల్లేదు. వెళ్ళేవాడికి ఇంకా ఎన్నో ఇళ్ళ సంచులు తూచాలని చెమటలు పట్టాయి. చివరికి ఆమే ఉపాయం చెప్పింది. తొక్కును బరువైన ప్లాస్టిక్ డబ్బాలోంచి తీసి, పాలిథీన్ కవర్లలోకి మార్చి గట్టిగా ముడివేసింది. ముల్లు సరిగ్గా రెండు మీద నిలిచింది. తొక్కు కవరు అటూ ఇటూ దొర్లకుండా పుస్తకాన్ని దానికి ఆనించి సర్దింది. నేను గెలిచానని ఇంటికొచ్చే దాకా నవ్వుతూనే ఉన్నాను.

కవరు దారిలోనే కారింది. మా ఆయన పుస్తకాన్ని తుడిచి, మంచం మీద ఫ్యాను కింద ఆరబెట్టి, ముందు పేజీలు బాగానే ఉన్నాయని చెప్పాడు. వారానికి ఒక అధ్యాయం ఇక్కడ బిడ్డ, అక్కడ తండ్రి చదవాలని నేను పెట్టిన షరతు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు సాయంత్రం బిడ్డ బడి నుంచి రాగానే వీడియో కాల్. మొదటివారం, "సదివినవా?" "సదివిన," అంతే. నేను వంటింట్లో తల కొట్టుకున్నాను. రెండోవారం బిడ్డ ఉన్నట్టుండి, "ఆళ్ళ నాయిన మీద నాకు కోపం అచ్చింది డాడీ. పడవ కాలవెట్టినోన్ని గంత జల్ది ఎట్ల మాఫ్ జేస్తడు?" అంది. అవతల ఆయన లేచి కూర్చున్నాడు. "నాగ్గూడ అచ్చింది బిడ్డా! నేనైతె ఆని కాళ్ళిరగ్గొడుదు!" అన్నాడు. ఆ రోజు వాళ్ళిద్దరూ ఎంతసేపు తగవులాడుకున్నారంటే పొయ్యి మీద పప్పు మాడిపోయింది. మాడితే మాడనీ, నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

తర్వాత మస్కట్‌లో ఆయన ఇంకొందరితో కలిసి ఉండే గదే మారిపోయింది. మా ఆయన చదువుతుంటే రుద్రంగి నుంచి వచ్చిన ఒకాయన, "మనసుల సదువుకుంటవేంది, పైకి సదువు," అన్నాడట. పై మంచం మీద ఉండే జగిత్యాల సాయిబు తెలుగు గలగలా మాట్లాడతాడు కానీ చదవడం రాదు. ఆయన కోసం ఒక్కో పేజీ రెండుసార్లు చదివేవారట. ఎవరి దేవుడు ఎవరైనా, ఆ పడవ పిల్ల మాత్రం అందరి బిడ్డ అయిపోయింది.

ఒక శుక్రవారం మేము చేయకముందే ఫోన్ మోగింది. తెర మీద మా ఆయన ముఖం ఒక్కటే కాదు, గదిలో వాళ్ళందరి ముఖాలూ ఇరుక్కుని ఉన్నాయి.

"బిడ్డా, ఆ పిల్ల నది నడుమకచ్చింది. ఆ తర్వాత పేజీలన్ని తొక్కుల నాని అంటుకపోయినయి. తీస్తె చినిగిపోతున్నయి. ఒడ్డుకు ముట్టిందా లేదా? జల్ది జెప్పు!"

మా అత్త గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆమె వైపు చూశాను. "నేను అప్పుడే అన్న, బుక్కు వద్దని," అంది, తప్పంతా పుస్తకానిదే అన్నట్టు.

బిడ్డ అప్పటికే కథ మొత్తం చదివేసింది. నోటితో చెప్పేస్తుందనుకున్నాను. "జెప్ప. సదువుత, ఇనుండ్రి," అని లోపలికి పరుగెత్తి పుస్తకం తెచ్చుకుంది. ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించింది. చదవడం మొదలుపెట్టింది. ఒకప్పుడు తండ్రితో రెండు మాటలకు మించి పలకని పిల్ల గొంతు ఇంత పెద్దదని నాకే తెలియదు! సిరిసిల్ల గొంతు, అచ్చంగా నాది. పడవ పక్కకు ఒరిగినప్పుడు అవతలి గదిలో ఎవరో "అల్లా!" అన్నారు. తెడ్డు చెయ్యి జారినప్పుడు ఫోన్ నెట్‌వర్క్ ఆగిపోయింది, తెర మీద ముఖాలు బిగుసుకుపోయాయి. మళ్ళీ కలిసేసరికి అందరూ ఒకేసారి అరుస్తున్నారు. మా అత్త జపమాల తిప్పినట్టు వేళ్ళు లెక్కపెడుతూ, "ప్రభువా, ముట్టియ్యి," అంటోంది. ఆమెకు చదువు రాదు, ఆ కథ ముందుభాగం కూడా వినలేదు. పడవ ఒడ్డును తాకింది. నిప్పు పెట్టినవాడు ఆ పిల్లను గుర్తుపట్టి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ పిల్ల వాడితో ఏమందో చెప్పే చోట బిడ్డ పుస్తకం మూసేసింది.

"ఏమైంది? ఏమన్నది?" అన్నాడు తండ్రి.

"ఇంకా రెండు పేజీలున్నయి."

"సదువు మరి!"

"సదువ. నువ్వు ఇంటికచ్చినంక, గీడ నా పక్కకు కూసుంటె సదువుత."

గది ఒక్కసారి గోల చేసింది. "గిదేం అన్యాలం బిడ్డా! మేమేం జేసినం?" అని రుద్రంగి ఆయన మొత్తుకున్నాడు. "మీ డాడీని మేమే తీస్కపోయి ప్లేన్‌ల కూసోవెడుతం బేటా, మాకైతే జెప్పు," అని సాయిబు బతిమాలాడు. నేను నవ్వుతున్నాను, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, రెండూ ఆపుకోలేకపోయాను. మా ఆయన మాత్రం నవ్వలేదు. వెనక నుంచి తోస్తున్నవాళ్ళను చేత్తో పక్కకు జరిపాడు.

"ఇల్లు ఇంక కొంచెమే ఉన్నది బిడ్డా. అది అయినంక..."

"ఇల్లు మంచిగనే ఉన్నది డాడీ. నువ్వే లేవు."

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "క్రిస్మస్‌కు అస్త. రేపే చుట్టీకి పెడుత," అన్నాడు. బిడ్డ ఫోన్ నా చేతిలో పెట్టి, పుస్తకం గుండెకు హత్తుకుని లోపలికి పోయింది. నేను తెర వైపు చూశాను. ఆయన నన్ను చూడటం లేదు, బిడ్డ లేచిపోయిన చోటే చూస్తున్నాడు.