అన్న పిస్టల్‌కు నేను చేసిన రిపేరు

మణుగూరు బొగ్గుగని వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేరిన కొత్తలో నాకు పొగరు ఎక్కువ. బిగుసుకుపోయిన నట్టు కనిపిస్తే చెయ్యి ఊరుకునేది కాదు. మా పనిలో బిగుసుకున్నదంతా లోపమే. కిరోసిన్ పోసో, ఆకురాయి పట్టో వదులు చేసినవాడే పనిమంతుడు. పిస్టల్‌ను కూడా ఆ లెక్కలోనే వేశాను.

మా అన్న కానిస్టేబుల్, ఒక నాయకుడికి గన్‌మన్. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నక్సలైట్లు సంతలో జనం మధ్య నుంచే వచ్చి కాలుస్తారని అడవి అంచు ఊళ్లన్నిటా భయం. అన్నకు ఆ భయంతో నిద్ర ఉండేది కాదు. ఒకరోజు పొద్దున్నే వచ్చి పిస్టల్ నా ముందు పెట్టాడు.

“సేఫ్టీ మస్తు టైట్ ఉందిరా. బొటనవేలుతోని దించేలోపు నా పని అయిపోతది. జర వదులు చెయ్.”

“మీ డిపార్ట్‌మెంటోళ్లకు ఇయ్యకపోయినవా?”

“ఇచ్చిన. గట్లనే ఉండాలె అన్నరు. ఆళ్లకేంది, ఆఫీసుల కూసుంటరు.”

ఆ మాట విన్నాక కూడా నాకు బుద్ధి రాలేదు. గుళ్లు తీయించి పనికి కూర్చున్నాను. అరగంటలో, ట్రిగ్గర్‌ను కదలకుండా పట్టి ఉంచే ఆ సేఫ్టీ లివర్ వేలు తగిలితే చాలు కదిలేలా అయింది. అన్న వెన్నలాగా పోతోందని మెచ్చుకుంటే మురిసిపోయాను. అంత బిగుతుగా చేసినవాడు ఊరికే చేసి ఉంటాడా అని ఒక్క క్షణం ఆలోచించని వెధవను నేను.

మా చర్చిలో చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చుంటాం. నడుముకు తుపాకీ పెట్టుకుని దేవుడి ముందు మోకరించడానికి అన్నకు మనసొప్పేది కాదు. ప్రార్థనకు ముందు దాన్ని తీసి, తువ్వాలులో చుట్టి పక్కన పెట్టుకునేవాడు. ఏళ్ల తరబడి అలాగే చేశాడు, ఏమీ కాలేదు. నేను చేసిన రిపేరుకు మూడు వారాల తర్వాత, తువ్వాలు చుడుతుండగా లివర్ దానంతటదే జారింది. ట్రిగ్గర్‌కు బట్ట తగులుకుంది. గుండు అన్న మోకాలిలో దిగింది.

జీపులో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతుంటే అన్న తల నా ఒడిలో ఉంది. గోదావరి బ్రిడ్జి మీద కళ్లు తెరిచాడు.

“నీ పేరు ఎక్కడా చెప్పకు. ఇద్దరి నౌకర్లు పోతయి.”

మోకాలి పైదాకా కాలు తీసేశారు. విచారణలో అన్న, “సేఫ్టీని నేనే గీకి వదులు చేసిన” అని రాసిచ్చాడు. అతని ఉద్యోగం పోయింది. నిజం చెబుదామని నేను పోలీసు ఆఫీసు గేటు దాకా వెళ్లాను. అక్కడ టీ తాగి తిరిగి వచ్చాను. అంతకంటే సిగ్గుమాలిన పని నా జీవితంలో ఇంకొకటి లేదు.

వదినకు ఇప్పటికీ తెలియదు. ఆదివారం చర్చి అయ్యాక వాళ్లింట్లోనే నా భోజనం. ప్రతిసారీ నాకే ముందు వడ్డిస్తుంది. వడ్డిస్తూ అన్నను తిడుతుంది.

“తన కాలు తనే తీసుకున్నడు తమ్మీ. పని తెలిసినోడివి నువ్వు పక్కనే ఉంటివి. నిన్ను ఒక్క మాట అడిగితే గిట్లయ్యేదా?”

అన్న అన్నం కలుపుకుంటూ ఉంటాడు.

“అవ్ వదినా,” అంటాను నేను.