దగ్గు మాట కాదు

ఇంటర్నెట్ ఫోన్ కంపెనీలో ఆమెను అందరూ చెవులమ్మ అనేవారు. ఖాతాదారులకు ఏం కావాలో విని రాసుకోవడం ఆమె ఉద్యోగం. పుర్రెకో బుద్ధి అన్నట్టు, వకీలుగారికి ఒకే కాల్ మూడు ఫోన్లలో మోగాలి. దుకాణదారుకు కొట్టు కట్టేశాక అసలు మోగకూడదు. ఒక పెద్దాయనకైతే భార్య ఫోన్ చేసినప్పుడల్లా లైను బిజీగా ఉందని చెప్పే సదుపాయం కావాలి. అందరూ కలిసి అడిగింది మాత్రం ఒక్కటే: అవతలి చప్పుళ్లు వినబడకూడదు.

అందుకోసం ఆమె ఆర్నెల్లపాటు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వేల శబ్దాలు విని, ఒక్కోదాని పక్కన 'మాట' అనో 'చప్పుడు' అనో గుర్తు పెట్టింది. 'చప్పుడు' అన్న గుర్తున్నదాన్ని కంపెనీ లైను అవతలివాళ్లకు వినబడకుండా తీసేస్తుంది. కుక్క అరుపు చప్పుడు. కుర్చీ ఈడ్చడం చప్పుడు. దగ్గు దగ్గర మేనేజరుకు అనుమానం వచ్చింది.

"దీన్నేం చేద్దాం?"

"దగ్గు మాట కాదు కద సార్," అంది తల తిప్పకుండానే. పని బాగా వచ్చినవాళ్లు తప్పు కూడా తడుముకోకుండా చేస్తారు.

దిండ్లు కుట్టే ఆమె అక్క ఊరికి ఆ చివర ఒంటరిగా ఉండేది. అమ్మ పోయాక చెల్లెలికి జడలు వేసి, చదివించి, తన పెళ్లి సంగతే మరిచిపోయిన మనిషి. ఉద్యోగుల ఇళ్లకు కంపెనీ ఉచితంగా ఇచ్చే లైనును చెల్లెలే ఆమె ఫోన్లో పెట్టించింది. రోజూ మధ్యాహ్నం మాట్లాడుకునేవారు. "ఎలా ఉన్నావక్కా?" అంటే కాసేపు నిశ్శబ్దం, తర్వాత "బాగానే ఉన్నానే" అని శుభ్రమైన గొంతు. ఆ నిశ్శబ్దాలు పెరుగుతుంటే, అక్క ధ్యాస కుట్టుపని మీద ఉందనుకుంది. చలికాలం వచ్చేసరికి ఫోన్లు వారానికొకటయ్యాయి. ఒక్కసారి బస్సెక్కి వెళ్లి చూస్తే సరిపోయేది. వెళ్లలేదు.

చివరికి పక్కింటావిడ అక్కను ఆస్పత్రిలో చేర్పించి కబురు చేసింది. పత్తి దుమ్ముకు ఊపిరితిత్తులు రెండూ పాడైపోయాయన్నాడు డాక్టరు.

"ఎన్నాళ్ల నుంచి దగ్గుతున్నారు?"

"నాకు తెలీదండీ."

"ఫోన్లో మాట్లాడుతుంటారని చెప్పారుగా?"

ఆమె అక్క ఉన్న గదిలోకి నడిచింది. మంచం పక్కన కూర్చోగానే అక్క నెమ్మదిగా అంది, "ఫోన్లో ప్రాణం పోయేలా దగ్గేదాన్ని. ఏమిటే ఆ దగ్గు అని నువ్వు ఒక్కనాడూ అడగలేదు. విసుగొస్తోందేమోనని నేనే ఫోన్లు తగ్గించేశా."

చెల్లెలి గుండె చెరువైంది. చప్పుళ్ల సంగతి, తను పెట్టిన గుర్తు, అంతా ఏడుస్తూనే చెప్పింది. "నాకు వినబడలేదక్కా. ఒట్టు. నేనే తీసేయించాను."

అక్క చెయ్యి చాపింది. చెల్లెలి చెంప మీద పడ్డ జుట్టును వెనక్కి సర్దింది.

"పోన్లేవే," అంది.

నమ్మి అందో, చిన్నప్పుడు చెల్లెలు అబద్ధమాడి దొరికిపోయినప్పుడు అన్నట్టే ఇప్పుడూ అందో తెలియలేదు. అడిగేలోపే నర్సు వచ్చి అక్క ముఖానికి మాస్కు పెట్టేసింది. దాన్ని తీసింది మర్నాడు, అక్క పోయాక.