తెర అంచుకు పెట్టిన బొట్లు

శ్రీమతి శారద, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, వయస్సు నలభై రెండు సంవత్సరాలు. స్టేషన్ ఘన్‌పూర్ సమీపంలోని మా గ్రామానికి ఆమె బదిలీపై వచ్చిన నాటి నుండి, అనగా తొమ్మిది సంవత్సరాలుగా, నేను ఆమెను ఎరుగుదును.

మా బడికి స్పర్శతో పనిచేసే డిజిటల్ తెర మంజూరైన పిదప, ఆమె అందులోని సిద్ధ పాఠాలతో సరిపెట్టుకోలేదు. వేర్లను గూర్చిన పాఠం కొరకు పొలంలోకి దిగి, మధ్యాహ్న భోజనం వండే మల్లక్క నాటు వేయుచుండగా సెల్‌ఫోనులో చిత్రీకరించారు. "గీ తెల్లగున్నయే నీళ్లు తాగేటివి, పిల్లలూ" అని మల్లక్క నారు పీకి చూపినది. ఆ దృశ్యం తెరపైకి రాగానే తరగతి గొల్లుమన్నది.

"నవ్యా, మీ నాయినమ్మ టీవీల పడ్డదే!" అని ఒక పిల్లవాడు అరిచినాడు.

వాకిట నిలిచిన మల్లక్క, "టీచరమ్మా, నేను గింత నల్లగున్ననా? జర మంచిగ తీయకపోతివి" అన్నది.

మరునాడు పిల్లలందరూ గడ్డి మొక్కలను వేర్లతో సహా పెకలించి తెచ్చారు. అటువంటి చదువు మా ఊరిలో నేను మునుపు చూడలేదు.

దసరా సెలవులకు ముందటి రోజున, బడిలోనూ ఆయుధపూజ చేయుటకై మల్లక్క పసుపు, కుంకుమ తెచ్చినది. "బండ్లకు పెడ్తం, కుట్టుమిషన్లకు పెడ్తం. సదువు జెప్పేదానికి పెట్టకుంటె ఎట్ల?"

"అద్దం మీద వద్దక్కా, పాఠం కనబడదు. చుట్టూ అంచుకు పెట్టు" అన్నారు శారద గారు.

సెలవుల పిమ్మట బడి తెరచిన నాడే తనిఖీ అధికారి గారు వచ్చి తెరను తాకగా అది పలకలేదు. "పూజకేనా మేడం, పాఠాలకు గూడ వాడ్తున్నరా?" అని, తెర నిరుపయోగంగా ఉన్నదనియు, వేరొక పాఠశాలకు తరలించవలెననియు వ్రాసి వెళ్ళారు.

శారద గారు మరమ్మతు చేయువారికి ఫోన్ చేయగా, వేలి స్పర్శను పసిగట్టునది అంచుల్లోనే ఉండునని, అక్కడ ఏదైనా అడ్డుపడినచో తెర పలకదని తెలిపిరి. మల్లక్క కళ్ళనీళ్ళు పెట్టుకుని, తడిగుడ్డతో తానే బొట్లు తుడిచినది. శారద గారు వేలు ఆనించగా తెర వెలిగి, అదే పొలంలో నారు పట్టుకున్న మల్లక్క కనబడినది.

"చూసినవా అక్కా, నిన్ను ఎవరు తీస్కపోతరు?" అన్నారు శారద గారు.

వచ్చే దసరాకు బొట్లు గోడకే పెట్టెదనని మల్లక్క మాట ఇచ్చినది.

కావున తరలింపును నిలిపివేసి, అధికారి గారు మరొక్క పర్యాయం మా బడికి విచ్చేసి, శారద గారి పాఠం ముగియు వరకు పిల్లలతో కూర్చుని చూడవలసినదిగా ఆమె తరఫున సవినయంగా ప్రార్థిస్తున్నాను.