దింపు రోజున వాలీబాల్

నేను స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుతున్నానంటే మా పి.గన్నవరం వైపు అందరిదీ ఒకటే ప్రశ్న: "ఆటలక్కూడా చదువేంటమ్మా?" నాకు ఒళ్లు మండేది. ఆ మంటతోనే రెండో ఏడాది ప్రాజెక్టుకి మా ఊళ్లో వాలీబాల్ పోటీలు పెట్టాను. ఎనిమిది జట్లు, ఒకటే ఆదివారం. ఏ మ్యాచ్ ఎన్నింటికో రంగురంగుల గళ్లు గీసి పెద్ద చార్టు వేశాను.

ముందురోజు సాయంత్రం దాన్ని మా హైస్కూల్ డ్రిల్లు మాస్టారికి చూపించాను, మెచ్చుకుంటారని.

"బాగుందమ్మా. రేపు లంక తోటల్లో కొబ్బరి దింపు ఉందని కుర్రాళ్లు చెప్పేరు. మరి పొద్దున్న ఆడేదెవరు?"

సగం జట్లు చెట్లెక్కి కాయలు దింపేవాళ్లవే. మధ్యాహ్నం దాకా వాళ్లు కిందికి దిగరు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి తట్టనే లేదు.

ఆయన నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని, నా పెన్ను తీసుకుని, పొద్దుటి ఆటలు కాలేజీ జట్లకీ సాయంత్రం ఆటలు దింపువాళ్లకీ మార్చారు. కెప్టెన్లందరికీ తనే ఫోన్ చేశారు.

పోటీలు చక్కగా జరిగాయి. బహుమతులప్పుడు మైకులో ఏర్పాట్లు చేసిందెవరో చెబుతూ నా పేరు తప్ప ఇంకెవరి పేరూ చెప్పలేదాయన. అంతా అయ్యాక చార్టు ఇమ్మన్నారు.

"ఎందుకండీ మాస్టారూ?"

"స్కూల్లో గోడకి అంటిస్తానమ్మా. మన అమ్మాయి ఎంత బాగా వేసిందో పిల్లలు చూస్తారు."

ఇచ్చేశాను. ఆ గళ్లలో సగం ఆయన చేతిరాతే.